చిన్న ట్రాక్టర్ క్యాబిన్‌కు ‘డబుల్ కూలింగ్’ కిట్టు కొనబోయేవారు జాగ్రత్త

చిన్న ట్రాక్టర్ల క్యాబిన్ ఏసీకి చల్లదనం రెట్టింపు చేస్తామంటూ అమ్ముతున్న కిట్ల విషయంలో తోటి కొనుగోలుదారులను హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. రేపు ఇదే సరుకు మరో పేరుతో మరొకరి దగ్గర కనిపించవచ్చు కనుక, వారు పనిచేసిన తీరు తెలిస్తే చాలు.

నా ట్రాక్టరుకు ఏసీ క్యాబిన్ కంపెనీ నుంచే బిగించి వచ్చింది. పొద్దున పూట బాగానే పనిచేసేది గాని, ఎండ ముదిరి ఇంజను బరువు లాగే వేళకు వెంట్ల నుంచి ఉత్త ఫ్యాను గాలి వచ్చేది. కిట్టువారు ఒత్తిడి కొలిచే గేజీలైనా తగిలించకుండానే గ్యాసు తగ్గిందని, బ్లోయర్ చాలడం లేదని తేల్చి, ఎక్కువ వేగం గల బ్లోయర్ మోటారు బిగించి, చిన్న డబ్బాల్లోని గ్యాసును, లీకుల్ని పూడ్చే సీలరుతో సహా ఎక్కించి వెళ్లారు. మొదట్లో కాస్త తేడా తెలిసింది. ఆ తరువాత కంప్రెసర్‌ను ఇంజనుకు కలిపే క్లచ్ టక్కుటక్కుమంటూ మాటిమాటికీ విడిపోవడం మొదలైంది, క్యాబిన్‌లో కాలిన వాసన వచ్చింది. పైకప్పు లోపలి ప్యానెల్ విప్పి చూస్తే బ్లోయర్ కనెక్టరులో ఒక పిన్ను చుట్టూ తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి పక్కకు ఒరిగి ఉంది. 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలసిన చోట 30 ఆంపియర్లది పెట్టారు. తీగను కాపాడవలసిన ఫ్యూజు చెక్కు చెదరకుండా ఉండి, తీగే కాలిపోయింది.

అసలు లోపం వీటిలో దేనిలోనూ లేదని మరొక మెకానిక్ చూసి చెప్పారు. ఇలాంటి క్యాబిన్లలో చాలావరకు కూలింగ్ కాయిల్, హీటర్ కాయిల్ రెండూ ఒకే పెట్టెలో, ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి. ఇంజను నుంచి 80, 90 డిగ్రీల వేడితో వచ్చే కూలెంట్‌ను, అంటే ఇంజనును చల్లబరిచే నీటిని, హీటర్ కాయిల్‌లోకి పోనివ్వకుండా ఆపేది ఒక చిన్న వాల్వు. ఆ వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా, దాన్ని లాగే కేబుల్ సాగిపోయినా, చల్లబడిన గాలి వెంటనే వేడి కాయిల్ మీదుగా ప్రయాణించి బయటికి వస్తుంది. అలాంటప్పుడు గ్యాసు ఎంత ఎక్కించినా అది పొయ్యి ఆర్పకుండా కుండకు విసనకర్రతో విసరినట్టే. ఇంజను వేడెక్కాక, హీటర్ నాబ్ పూర్తిగా చల్లని వైపు ఉంచి, వాల్వు దాటిన తరువాతి హోస్ పైపును జాగ్రత్తగా తాకి చూడండి. అది సలసలా కాగుతున్నట్టు ఉంటే వేడి నీరు లోపలికి పోతున్నట్టే లెక్క. మా మెకానిక్ ఇంజను ఆపి, హీటరుకు పోయే పైపును క్లాంపుతో నొక్కి మూసి, మళ్లీ స్టార్ట్ చేయగానే గాలిలో చలి తెలిసింది. ఈ పరీక్షకు ఖర్చంటూ ఏమీ లేదు. కిట్టు అమ్మవచ్చినవారు దీన్ని చేయకుండా మాట్లాడుతుంటే అక్కడే ఆపేయండి.

గ్యాసు సంగతి ఇంతకన్నా తీవ్రమైనది. ఏసీలో చల్లదనం ఇచ్చే ఆర్134ఏ అనే గ్యాసు ఎంత పట్టాలో ట్రాక్టరు మీది లేబులు బరువులో చెబుతుంది. ఏసీ ఆపి ఉన్నప్పుడు గేజీ చూపే ఒత్తిడిని బట్టి గ్యాసు ఎంతుందో చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే లోపల కొంచెమైనా ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఆ ఒత్తిడి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. 30 డిగ్రీల దగ్గర అది సుమారు 97 పీఎస్ఐ. అంతకు బాగా ఎక్కువ చూపితే లోపల గాలో, మరో గ్యాసో కలిసినట్టు అనుమానించాలి, సరిగ్గా చూపినంత మాత్రాన గ్యాసు స్వచ్ఛమైనదని హామీ లేదు. మోతాదు మించితే అదనపు ద్రవం కండెన్సర్‌లో పేరుకుని, వేడిని వదిలే చోటును ఆక్రమిస్తుంది. దాంతో ఒత్తిడి పెరిగి ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను విడదీస్తుంది. నా కంప్రెసర్ టక్కుటక్కులకు కారణం ఇదే.

ఇక సీలర్ చేసే చేటు ఆ గ్యాసును బయటికి తీయవలసి వచ్చినప్పుడు బయటపడుతుంది. సీలర్ తేమ తగిలినచోట గట్టిపడి, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాసును సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వును మూసేయగలదు, గ్యాసు తీసే మెషీన్‌నూ పాడు చేయగలదు. ఆ భయంతోనే రెండు వర్క్‌షాపుల వారు నా ట్రాక్టరుకు మెషీన్ తగిలించడానికి ఒప్పుకోలేదు. డబ్బా మీద గ్యాసు పేరే లేకపోవడం వారికి మరో అభ్యంతరం. అది అతిజాగ్రత్త అనలేము. 2011లో ఆర్134ఏ పేరిట మిథైల్ క్లోరైడ్ కలిసిన నకిలీ గ్యాసు చేరిన షిప్పింగ్ కంటైనర్ల ఏసీలలో, అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే తనంతట తానే మండే పదార్థంగా మారి, పేలుళ్లలో పనివారు ప్రాణాలు కోల్పోయారు. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమాలను బదులు గ్యాసుగా అమ్మేవారూ ఉన్నారు. అవి బాగానే చల్లబరుస్తాయి, కాని వంటగ్యాసు జాతివి. మూసి ఉన్న క్యాబిన్ పైకప్పులోని కాయిల్ లీకైతే అవి చేరేది మన దగ్గరికే.

కిట్టువారికి ఫిర్యాదు చేస్తే, దాని బదులు పైకప్పు మీద బిగించే 12 వోల్టుల ‘ఒక టన్ను’ ఏసీ ఇస్తామన్నారు. ఒక టన్ను అంటే దాదాపు 3,500 వాట్ల వేడిని బయటికి తోడడం. ఒక వాటు కరెంటుతో రెండున్నర వాట్ల వేడి తోడే మంచి కంప్రెసర్ అనుకున్నా 1,400 వాట్లు, అంటే 100 ఆంపియర్లకు పైగా కావాలి. చాలా చిన్న ట్రాక్టర్ల ఆల్టర్నేటర్లు 40 నుంచి 60 ఆంపియర్ల దగ్గరే ఆగుతాయి. మిగిలిన కరెంటు బ్యాటరీ నుంచి రావలసిందే, అది ఎంతసేపు ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా దాన్ని బిగించడానికి క్యాబిన్ ఫ్రేముకు రంధ్రాలు వేస్తారట. ట్రాక్టరు బోల్తా పడితే మనిషిని కాపాడే చట్రం అది. దానికి రంధ్రం వేయడం, వెల్డింగు చేయడం తయారీదారులు నిషేధించే పనులు. ఆ బేరానికి నేను ఒప్పుకోలేదు.

హీటర్ వాల్వు మార్చి, కండెన్సర్‌లో చిక్కుకున్న పొట్టును లోపలి వైపు నుంచి తక్కువ ఒత్తిడి గాలితో ఊది, క్యాబిన్ ఫిల్టర్లు రెండూ మార్చాక గాలి వేగం పెరిగింది. బయటి గాలిని మానేసి లోపలి గాలినే తిప్పే మీటను, రబ్బరు చాప కింద హీట్ ఇన్సులేషన్ షీటును కూడా చిన్నచూపు చూడకూడదు, ఎందుకంటే ఆయిలు ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ వేడి కాళ్ల కింది నుంచే వస్తుంది.

గ్యాసు వ్యవహారం మాత్రం ఇంకా తేలలేదు. కంప్రెసర్ ఆయిలు, తేమ పీల్చే డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు అన్నీ మార్చి, వ్యాక్యూమ్ పెట్టి, బరువు తూచి కొత్త గ్యాసు ఎక్కించవలసి ఉంది. బిల్లులో ‘ఏసీ సర్వీసు’ అన్న మాట తప్ప గ్యాసు పేరు గాని, బరువు గాని లేనందున కిట్టువారు డబ్బు వెనక్కి ఇవ్వమంటున్నారు. మీరు ఎవరి చేత ఏసీ పని చేయించుకున్నా తీసిన గ్యాసు ఎంత, ఎక్కించినది ఏది, ఎన్ని గ్రాములు, సీలర్ కలిపారా లేదా అన్నవి బిల్లు మీద రాయించుకున్న తరువాతే డబ్బు చెల్లించండి, ఖాళీ డబ్బాలను మీ దగ్గరే ఉంచుకోండి.