జీఈటీనా, అప్రెంటిస్‌షిప్పా: ఏది మేలు?

ఫైనలియర్ చివరికొచ్చేసరికి బెజవాడ, గుంటూరు కాలేజీల పిల్లలు అడిగేది ఒకటే. చేతిలో రెండు ఆఫర్లు: ఒకటి గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ (జీఈటీ), ఇంకోటి గ్రాడ్యుయేట్ అప్రెంటిస్. ఎందులో చేరాలి?

ముందు డబ్బు, ఇంట్లో అడిగేది అదే కాబట్టి. జీఈటీ ఆఫర్‌లో 4.2 లక్షల సీటీసీ (మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకు 35 వేలు చేతికొస్తాయని కాదు. పనితీరును బట్టి ఇచ్చే పది శాతం వేరియబుల్ తీస్తే 3,500 పోయింది. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, మీ జీతంలో కోసేది మరో 1,800. బేసిక్ 17,500 అయితే గ్రాట్యుటీ పేరుతో 842, ప్రొఫెషనల్ టాక్స్ 200. మిగిలేది 27 వేల లోపే.

అప్రెంటిస్‌షిప్ 1961 చట్టం కిందిది. 2019 సవరణలో గ్రాడ్యుయేట్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000గా పెట్టారు. పీఎఫ్ ఉండదు, చట్టం లెక్కన మీరు ఉద్యోగి కాదు, ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యతా కంపెనీకి లేదు. ఆ డబ్బుతో శ్రీపెరుంబుదూరులో హాస్టల్, తిండి గడవడం కష్టం. ఇంట్లో ఉండి ఆటోనగర్‌కో మల్లవల్లికో బస్సులో వెళ్లొచ్చేవాళ్లకు పర్వాలేదు.

నన్నడిగితే జీఈటీకే మొగ్గుతాను, కానీ జీతం చూసి కాదు. లెటర్‌లో కన్ఫర్మేషన్ లైను చూడండి. 'ట్రైనింగ్ పూర్తయ్యాక ఫలానా హోదాలో, ఫలానా జీతంతో కన్ఫర్మ్ చేస్తాం' అని ఉందా, 'ఖాళీలను బట్టి పరిశీలిస్తాం' అని ఉందా? రెండోదైతే అది పేరు మార్చుకున్న అప్రెంటిస్‌షిప్పే. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో నమోదు చేసుకోమన్నారంటే అది అచ్చంగా అప్రెంటిస్‌షిప్పేనన్నమాట, లెటర్ మీద ట్రైనీ అని ఎంత పెద్దగా రాసినా సరే.

ఆ తర్వాత బాండ్, అంటే ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత డబ్బు కట్టాలనే ఒప్పందం. రెండేళ్ల బాండ్ అంటే ఎప్పటినుంచి లెక్క? కన్ఫర్మ్ అయిన రోజు నుంచైతే ఏడాది ట్రైనింగ్ కలిపి మూడేళ్లు. ట్రైనింగ్‌ను ఇంకో ఆర్నెల్లు పొడిగించే హక్కు కంపెనీదేనని లెటర్‌లో ఎక్కడో ఉంటే మూడున్నర. చేసిన నెలలను బట్టి కట్టాల్సిన డబ్బు తగ్గుతుందా, చివరి నెలలో మానేసినా పూర్తిగా కట్టాలా అనేదీ చూడండి. బాండ్లు కోర్టులో నిలవవులే అనే ధీమా ఇక వద్దు. మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, ప్రతి ప్రైవేటు కంపెనీకీ అదే వర్తిస్తుందని కాదు. అయినా సంతకం పెట్టాక వాదించుకోవడం ఖర్చుతో కూడిన పని. తేదీ వేయని చెక్కు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంటుంది.

గేట్ పరీక్ష స్కోరుతో పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థ)లో ట్రైనీగా అవకాశం వస్తే ఆలోచించక్కర్లేదు, చేరిపోండి. డిపాజిట్ కడితే ట్రైనింగ్, ఆపైన ఉద్యోగం అనే కన్సల్టెన్సీలకు ఓ దండం పెట్టి వచ్చేయండి.