ఆ ‘స్వచ్ఛమైన పశువుల ఎరువు’ మళ్లలో కలిపే ముందు ఇది చదవండి

పెరట్లో కూరగాయలకు మళ్లు సిద్ధం చేసుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. సంచుల మీద ‘నూరు శాతం సేంద్రియం, బాగా చివికిన పశువుల ఎరువు’ అని ముద్ర కొట్టి ఇంటికే పంపే ఆ అమ్మకందారు ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. రాయకపోయినా మీకు అర్థమవుతుంది. ఆ ఎరువు వేసిన నా మళ్లలో టమాటా, మిర్చి, చిక్కుడు మొత్తం పోయాయి. పురుగు కాదు, తెగులు కాదు, నీటి ఎద్దడీ కాదు. ఎరువులో కలుపు మందు ఉంది.

అవును, కలుపు మందే. సేంద్రియ ఎరువులో.

మళ్లు తవ్వడం, ఎరువు కలపడం, నారు నాటడం అందరూ చేసేవే కాబట్టి ఆ సంగతులన్నీ వదిలేస్తున్నాను. నారు బాగానే నిలదొక్కుకుంది. ఆ తర్వాతే టమాటా చిగుళ్లు మెలి తిరగడం మొదలైంది. కింది ఆకులకు ఏమీ కాలేదు. కొత్తగా వచ్చే ఆకులు మాత్రం సన్నగా సాగి, అంచులు పైకి ముడుచుకుని దొన్నెల్లా తయారయ్యాయి. ఒక ఆకును తుంచి వెలుతురుకు పట్టి చూశాను. ఈనెలన్నీ ఒకదాని పక్కకు ఒకటి చేరిపోయాయి, వాటి మధ్య ఉండాల్సిన పచ్చదనం పెరగడమే మానేసింది. ముడత తెగులేమో అనుకున్నాను. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల కూడా టమాటా ఆకులు ముడుచుకుంటాయి కదా. ఆకులు తిరగేసి ఎంత వెతికినా ఒక్క దోమ లేదు. ఇంతలో చిక్కుడుకూ అదే గతి పట్టింది. టమాటా, మిర్చి ఒక కుటుంబం, చిక్కుడు పూర్తిగా వేరే కుటుంబం. అన్నింటినీ ఒకేసారి, ఒకే తీరులో పట్టే తెగులు ఏదో నాకు తోచలేదు. పైగా అదే నారులో మిగిలిన మొక్కలను ఆ ఎరువు కలపని కుండీల్లో పెట్టాను, అవి నిక్షేపంగా ఉన్నాయి. మళ్లలో ఒక్కటే హాయిగా పెరిగింది: గరిక. అక్కడే అనుమానం వచ్చింది.

ఇది ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పచ్చిక బయళ్లలో, గడ్డి పొలాల్లో వెడల్పాటి ఆకుల కలుపును చంపడానికి అమైనోపైరలిడ్, క్లోపైరలిడ్, పిక్లోరామ్ వంటి మందులు కొడతారు. గడ్డి జాతికి వాటితో ఏమీ కాదు. ఆ గడ్డిని పశువులు మేస్తే మందు వాటి కడుపులో విరగదు, చాలా వరకు అలాగే పేడలోకి, మూత్రంలోకి వచ్చేస్తుంది. అది ఎరువు కుప్పలోనూ తొందరగా పోదు. కుప్ప బాగా వేడెక్కితే కలుపు విత్తనాలు చస్తాయి, రోగకారక క్రిములు చస్తాయి, కానీ ఈ మందు ఆ వేడిని ఖాతరు చేయదు. వంద కోట్ల భాగాల మట్టిలో కొద్ది భాగాలున్నా టమాటా, చిక్కుడు, బఠాణీ తట్టుకోలేవు. ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయమూ కాదు. బ్రిటన్‌లో 2008లో ఇలాగే ఎంతోమంది ఇంటి తోటలు పాడైతే అమైనోపైరలిడ్ మందుల అమ్మకాలను కొంతకాలం ఆపేశారు. మందు కొట్టిన గడ్డి తిన్న పశువుల ఎరువును ఇలాంటి పంటలకు వాడకూడదన్న హెచ్చరిక ఆ మందుల చీటీల మీదే ఉంటుంది. అంటే మందు తయారుచేసేవాళ్లకు తెలుసు, గడ్డి పండించేవాళ్లకు తెలియాలి. ఎరువు అమ్మేవాడికి మాత్రం తెలియదట!

తెలియదని మొదట నేను కూడా నమ్మాను. అందుకే మర్యాదగానే ఫోను చేశాను.

‘‘మీ ఎరువు కలిపిన మళ్లలోనే మొక్కలు ముడుచుకుపోతున్నాయండీ.’’

‘‘నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు.’’

‘‘పక్కన కుండీలకూ అంతే పోశాను, అవి బాగున్నాయి.’’

‘‘అయితే ఎండ దెబ్బ.’’

‘‘రెండూ ఒకే ఎండలో ఉన్నాయండీ.’’

కాసేపు మాట లేదు. ఆ తర్వాత, ‘‘మీరు తోట పనికి కొత్తా?’’

కొత్త కాదు. అయినా కొత్తవాళ్లయితే విషం అమ్మవచ్చా? సరే, కోపం దిగమింగి, ఈ పేడ ఏ పశువులది, అవి ఏ గడ్డి తిన్నాయి, ఆ పొలంలో ఏం కొట్టారో కనుక్కుని చెప్పమని అడిగాను. జవాబుగా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పచ్చగా నిగనిగలాడుతున్న మొక్కజొన్న చేను. ‘మా ఎరువుతో పెరిగిన పంట చూడండి’ అని కింద ఒక మాట. మొక్కజొన్న గడ్డి జాతి మొక్క. కలుపు మందు కలిసిన ఎరువులోనూ బాగా పెరిగే పంటను ఏరి మరీ పంపించి, తన ఎరువు మంచిదని నాకు రుజువు చూపిస్తున్నాడు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అదే మాట ఫోను చేసి చెప్పాను. అప్పుడు విసుగ్గా అన్నాడు: ‘‘పోయిన విడతలో కూడా ఇద్దరు ముగ్గురు ఇదే గోల పెట్టారు. గడ్డి పండించేవాళ్లు ఏ మందు కొడతారో నేను వెళ్లి కాపలా కాయాలా?’’

ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు మనసు మనసులో లేదు. నా కంటే ముందే చెప్పినవాళ్లున్నారు. అది విని కూడా అదే చోటి నుంచి ఎరువు తెచ్చి, అదే ముద్ర కొట్టి నాకు అమ్మాడు. నీళ్లు ఎక్కువయ్యాయా, ఎండ ఎక్కువైందా, మీరు కొత్తా అని నన్ను అడుగుతున్నంతసేపూ అసలు కారణం ఏమై ఉంటుందో ఆయనకు తెలుసు. మొక్కలు పోతే పోయాయి, మళ్లీ నాటుకుంటాం. తెలిసి తెలిసి మన మీదే నెపం నెట్టడం ఉందే, దాన్ని మాత్రం వదలబుద్ధి కావడం లేదు.

డబ్బు వెనక్కి అడిగితే ‘తెరిచిన సంచులు తీసుకోం’ అన్నాడు. సంచి తెరవకుండా ఎరువును మట్టిలో కలిపే విద్య నాకింకా రాలేదు, నేర్చుకోవాలి. జరిగిందంతా వాళ్ల పేజీలో రాస్తే, ఆ రాత్రికే నా అభిప్రాయం అక్కడి నుంచి మాయమైంది. ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదు.

నా అనుమానం తీర్చుకోవడానికి మిగిలిన సంచిలోంచి ఎరువు తీసి చిక్కుడు గింజలతో పరీక్ష చేశాను. మంచి మట్టిలో మొలిచినవి తీరుగా ఆకులు విప్పుకున్నాయి. ఆ ఎరువు కలిపిన కుండీల్లో మొదటి జత ఆకులు పర్వాలేదు, తర్వాతి మూడాకుల రెమ్మలు ముడుచుకునే వచ్చాయి. ఇంత తెలివి సంచులన్నీ మట్టిలో కలిపేశాక వచ్చింది, ఏం లాభం!

మీరు మాత్రం ముందే చేయండి, పెద్ద పనేమీ కాదు. మూడు కుండీల్లో ఎరువు, మంచి మట్టి సగం సగం కలపండి, మరో మూడింటిలో వట్టి మంచి మట్టి. అన్నింటిలో చిక్కుడు గానీ బఠాణీ గానీ వేసి రెండు మూడు వారాలు చూడండి. ఒక్కో కుండీ కింద విడి పళ్లెం పెట్టండి, లేకపోతే ఒకదాని నీరు ఇంకొకదానికి చేరి పరీక్షే పాడవుతుంది. పశువులు తిన్న గడ్డి ఎక్కడిదని అడిగితే తడబడే మనిషి దగ్గర అసలు కొనకండి.

ఇప్పటికే కలిపేసినవాళ్లు ఆ మడిని మాటిమాటికీ తిరగదోస్తూ, తేమ ఆరకుండా చూసుకోండి. గాలి, తేమ ఉంటే మట్టిలోని సూక్ష్మజీవులు మందును మెల్లగా విరగ్గొడతాయి. నెలలు పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. మళ్లీ చిక్కుడు గింజ తీరుగా మొలిచేదాకా అక్కడ టమాటా పెట్టకండి. కావాలంటే మొక్కజొన్న వేసుకోండి, ఫొటో తీసి ఆయనకే పంపవచ్చు. పీకేసిన మొక్కలను, ఆ మడిలో పెరిగిన గడ్డిని మీ కంపోస్టు గుంతలో మాత్రం వేయకండి, మందు అందులోకీ చేరుతుంది.

మీలో ఇంకెవరికైనా ఇదే సంచితో ఇలాగే జరిగితే కింద రాయండి. సంచి మీది విడత సంఖ్య, ఆకుల ఫొటో కూడా పెట్టండి. ‘ఇద్దరు ముగ్గురు’ అన్న ఆయన లెక్క ఎంతవరకు నిజమో చూద్దాం.