విడాకులు: ఇద్దరూ ఒప్పుకొనా, కోర్టులో పోరాడా?

హిందూ వివాహ చట్టంలో రెండు దారులున్నాయి. సెక్షన్ 13-బి కింద ఇద్దరూ కలిసి అడగవచ్చు. సెక్షన్ 13(1) కింద ఒక్కరే కారణం చూపి అడగవచ్చు.

కాలం: కలిసి వెళ్లేవారు అప్పటికే ఏడాదిగా విడిగా ఉండాలి. పిటిషన్ తర్వాత మరో ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఈ గడువును మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పోరాటమైతే ఏళ్లు పట్టవచ్చు.

శ్రమ: మొదటిదానిలో ఎవరి తప్పూ నిరూపించనక్కరలేదు. రెండోదానిలో క్రూరత్వం వంటి ఆరోపణకు సాక్ష్యం కావాలి.

ఖర్చు: వాయిదాలు పెరిగేకొద్దీ పెరుగుతుంది.

ప్రమాదం: తీర్పు వచ్చేలోపు ఒకరు అంగీకారం వెనక్కి తీసుకుంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

పిల్లలు: అన్నిటికన్నా ఇక్కడే జాగ్రత్త కావాలి. ఒప్పందంలో "ఖర్చులు తండ్రి భరిస్తాడు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి. నెలకు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో, బడి ఫీజు ఎవరిది, వేసవి సెలవులు ఎవరి దగ్గర అన్నీ రాయించండి. బయటపడితే చాలనుకుని తల్లి "భరణం అక్కరలేదు" అని సంతకం పెట్టినా, బిడ్డ పోషణ హక్కు పోదు. పోరాటంలో తీర్పుదాకా ఆగనక్కరలేదు, మధ్యంతర భరణం అడగవచ్చు. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం కేసులో ఇద్దరూ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలి.

ఎదురెదురుగా కూర్చుని లెక్కలు మాట్లాడుకోగలిగితే మొదటి దారి మంచిది. హింస ఉన్నా, ఆదాయం దాస్తున్నా, బెదిరించి సంతకం అడుగుతున్నా రెండోదే పట్టుకోండి.