మనవరాలితో ఉత్తరాది టూర్: భోజనానికి ఐదు స్టార్లు, ప్లానింగ్‌కి రెండు

వేసవి సెలవుల్లో మా ఆవిడ, నేను, ఎనిమిదేళ్ల మనవరాలు కలిసి కోనసీమలోనే ఉన్న ఒక టూర్ ఆపరేటర్‌తో ఢిల్లీ, ఆగ్రా, హరిద్వార్ వెళ్లొచ్చాం. పేరు రాయను.

వంట మాత్రం అదుర్స్. వంటమనిషి మన వైపు మనిషే, హరిద్వార్‌లో కూడా ముద్దపప్పు, ఆవకాయ, చారు పెట్టాడు, రాత్రిపూట పెద్దవాళ్లు ఉప్మా అడిగితే విసుక్కోకుండా చేశాడు. పిల్ల మాత్రం అక్కడి పూరీలకే ఓటేసింది (ఇంట్లో ఏం పెట్టినా వంకలే).

ప్లానింగే దారుణం. ఆగ్రాకి శుక్రవారం తీసుకెళ్లారు. శుక్రవారం తాజ్‌మహల్ మూసేస్తారని టూర్లు నడిపేవాళ్లకి తెలియకపోతే ఎలాగండీ? ఆ ఎండలో యమున అవతలి ఒడ్డు నుంచి చూపించి సరిపెట్టారు. పైగా 15 ఏళ్ల లోపు పిల్లలకి అక్కడ టికెట్టే లేదు, అయినా పిల్ల పేరున ఎంట్రీ చార్జీ వేశారు, గట్టిగా అడిగాక తిరిగిచ్చారు.

అమలాపురానికి రైలు లేదు కదా, రాజమండ్రి దాకా బస్సు వాళ్లే పెట్టారు, అది బాగుంది. కానీ రైల్లో 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. మా దగ్గర పూర్తిగా తీసుకుని సగం టికెట్టే కొన్నారు, రాత్రంతా పిల్ల నా బెర్త్‌లోనే. డబ్బు కట్టేముందే టికెట్ చూపించమనండి.

హరిద్వార్‌లో గంగ స్నానాల రేవు హర్ కీ పౌడీ దగ్గర గొలుసులు పట్టుకుని మునగాలి, ప్రవాహం అంత వేగం. అక్కడ మేనేజర్ కుర్రాడు పిల్ల చెయ్యి వదల్లేదు, అందుకో స్టార్ ఎక్కువిచ్చా. దసరాకి కాశీ టూర్ ఉందట, మా ఆవిడ అప్పుడే అడ్వాన్స్ కట్టేద్దామంటోంది.