కిల్‌పెక్ చర్చి: లోపలికి కాదు, ముందు చుట్టూ తిరగండి

ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్‌లో, వేల్స్ సరిహద్దు దగ్గర కిల్‌పెక్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్ చర్చికి మా అమ్మను తీసుకెళ్ళాను. హెరిఫర్డ్ నుంచి కారులో అరగంట కూడా పట్టదు. టికెట్ లేదు, తోచినంత విరాళం వేయొచ్చు. నా రేటింగ్ ఐదుకి ఐదు.

1140 ప్రాంతంలో, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల కాలంలో కట్టారు. ప్లాను చాలా సింపుల్: జనం కూర్చునే హాలు, దాని తర్వాత చాన్సెల్ (మతగురువులు ఆరాధన జరిపే భాగం), చివర్న అర్ధవృత్తంగా తిరిగిన గోడ. పెద్ద గోపురం లేదు. పక్కనే మట్టిదిబ్బ మీద పాత కోట గోడలు కొన్ని మిగిలాయి.

చాలామంది నేరుగా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోతారు. మీరు మాత్రం ముందు గోడల వెంట నడవండి. చూరు కింద వరసగా 85 రాతి బొమ్మలున్నాయి. పక్కపక్కనే ఒదిగిన కుక్క, కుందేలు దగ్గర అమ్మ ఆగిపోయింది. కుక్క చెవులు వేలాడుతూ, కళ్ళు గుండ్రంగా, ఎంత ముద్దుగా ఉందో! "చెక్కినవాడు కుక్కను పెంచే ఉంటాడే" అంది. ఇంకాస్త ముందుకు వెళ్తే షీలా నా గిగ్, మర్మాంగాన్ని రెండు చేతులతో విప్పి చూపే స్త్రీ బొమ్మ. కామం మీద హెచ్చరిక అని కొందరు, సంతానానికి గుర్తు అని కొందరు పండితులు అంటారు. చర్చి గోడ మీద ఇదేమిటని పిల్లలు అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

దక్షిణ ద్వారం దగ్గర మాత్రం తొందరపడొద్దు. పైన జీవవృక్షం, ద్రాక్షగుత్తులతో. ఎడమ స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న ఇద్దరు యోధులు, వాళ్ళ ప్యాంట్ల మీద చారలు కూడా లెక్కపెట్టొచ్చు. ఇవన్నీ చెక్కింది ఎర్ర ఇసుకరాయిలో, అది వానకి పొరలుగా రాలిపోవడం మామూలే. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు గడిచినా ఇక్కడ గీతలు ఇంత పదునుగా ఉండటం నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం.

లోపల చాన్సెల్ కమాను చూడండి. రెండు వైపులా ముగ్గురేసి సాధువులు ఒకరి మీద ఒకరు నిలబడినట్టు చెక్కారు. 1848లో కాటింగ్‌హామ్ అనే ఆర్కిటెక్టు మరమ్మతు చేయించాడు. ఆ కాలపు మరమ్మతుల్లో ఎన్నో పాత చర్చిల రూపమే మారిపోయింది, ఇక్కడ ఆ నష్టం కనబడదు.

బైనాక్యులర్స్ తప్పక తీసుకెళ్ళండి. ఇప్పటికీ ఊరి జనం ప్రార్థన చేసుకునే చర్చి ఇది, ఆరాధన వేళలు తప్పించి వెళ్తే మంచిది.