భీమవరంలో కొన్న ఫైటర్ చేప బౌలు సెట్టు: ఏడు నెలల తరువాత నా అభిప్రాయం

గత డిసెంబరులో మా అమ్మాయి పుట్టినరోజుకు భీమవరంలోని ఒక అక్వేరియం దుకాణం నుంచి ఫైటర్ చేప సెట్టు తెచ్చాను. గుండ్రటి గాజు బౌలు, రంగు గులకరాళ్ల పొట్లం, ప్లాస్టిక్ మొక్క, గుళికల మేత డబ్బా, ముదురు నీలం రంగు మగ బెట్టా చేప (ఫైటర్‌కు అదే అసలు పేరు), అన్నీ కలిపి 850 రూపాయలు అయ్యాయి. "ఫిల్టరు అక్కర్లేదండి, మోటారు అక్కర్లేదండి, ఇది పైకొచ్చి గాలి పీల్చే చేపండి. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, బౌలు కడిగేసి, కొత్త నీళ్లు పోసుకుంటే చాలండి" అని దుకాణంలోని అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇది గాలి పీల్చే చేప అన్న మాట నిజం. అంతమాత్రాన దానికి బౌలు సరిపోదని నాకు తెలిసేసరికి ఐదు వారాలు గడిచిపోయాయి.

బెట్టాకు మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అది పైకి వచ్చి గాలి గుటక వేసి, ఆ అవయవంతో బతకగలదు. మన కొర్రమీను కూడా ఇలాగే పైగాలి మీద నెట్టుకొస్తుందని చెరువుల దగ్గర పెరిగిన వారందరికీ తెలుసు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే రైతు వెంటనే ఏరేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, వేస్తాడు, ఎందుకంటే నీరు చెడిందని ఆ చేపలే చెబుతున్నాయి. బెట్టా మాత్రం మంచి నీటిలోనూ పైకి వస్తుంది, చెడ్డ నీటిలోనూ వస్తుంది కాబట్టి మనకు అలవాటైన ఆ హెచ్చరిక దాని దగ్గర దొరకదు. పైగా గాలి పీల్చడం వల్ల ప్రాణవాయువు కొరత తీరుతుందే తప్ప, దాని విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి నీటిలో చేరే అమ్మోనియా ఎక్కడికీ పోదు. అది మొప్పలను కాలుస్తూనే ఉంటుంది.

జనవరి మూడో వారానికి మా చేప రెక్కలు ముడుచుకుని గులకరాళ్ల మీద ఒక పక్కకు ఒరిగి పడుకోవడం మొదలుపెట్టింది. మేత వేస్తే పైకి వచ్చి, ఒక గుళికను నోట పట్టి, వదిలేసి మళ్లీ కిందికి పోయేది. ఆకివీడు దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేసే మా తమ్ముడు ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు తన నీటి పరీక్ష కిట్టుతో బౌలులోని నీటిలో అమ్మోనియా ఎంతుందో పరీక్షించాడు. అప్పటికి నీళ్లు మార్చి నాలుగు రోజులే అయింది, చూడటానికి అవి తేటగా ఉన్నాయి. చిన్న గాజు గొట్టంలో చుక్కలు వేసి కదిపి పక్కన పెడితే, పసుపు రంగులోనే ఉండవలసిన నీరు కాసేపటికి చిక్కటి ఆకుపచ్చగా మారింది. "ఈ రంగు మా చెరువులో కనిపిస్తే ఈ రాత్రికి గట్టు మీదే పడుకునేవాణ్ణక్కా" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ చేప వైపు చూడటానికి నాకు మనసు రాలేదు.

ఆ సాయంత్రమే లీటరు సీసాతో బౌలును కొలిచాను. ఐదు లీటర్లదని చెప్పి అమ్మిన దానిలో, రాళ్లు వేసి, చేప ఎగిరి బయట పడకుండా పైన కొంత ఖాళీ వదిలితే, పట్టినవి మూడు లీటర్లు. అంత తక్కువ నీటిలో విసర్జన ఎంత త్వరగా చిక్కబడుతుందో, వేడీ చలీ కూడా అంత త్వరగా మారతాయి. బెట్టాకు 24 నుంచి 28 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే నీరు కావాలి. మా హాలు కిటికీ పక్కన ఆ బౌలులో థర్మామీటరు పెడితే ఉదయం 21, ఎండ తగిలిన మధ్యాహ్నానికి 28 చూపించింది. ఇక వారానికోసారి అన్నీ కడిగేయమన్న సలహా వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని మళ్లీ అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాళ్ల మీద, స్పాంజి మీద పట్టు దొరికించుకుని పెరుగుతాయి. అవి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారం వారం తోమి కడిగితే వాటికి ఆ వ్యవధి ఎన్నడూ దొరకదు, చేపకేమో ప్రతిసారీ పూర్తిగా వేరే నీరు. సెట్టులో ఇచ్చిన ప్లాస్టిక్ మొక్క అంచులు గరుకుగా ఉండి తోకను రెండు చోట్ల చీల్చాయి.

ఈ చేప వరిచేలలో, నీటి గుంటల్లో పుట్టింది కాబట్టి చిన్న పాత్ర చాలునని దుకాణంలోనూ, బంధువుల్లోనూ చాలామంది నాతో అన్నారు. దీని సొంత దేశం థాయిలాండ్, అక్కడ 2019లో దీన్ని జాతీయ జలచరంగా కూడా ప్రకటించారు. అక్కడి చేలలో నీరు లోతు తక్కువే కాని, మన సార్వా (వానాకాలపు) వరిచేలలాగే అది ఎకరాల కొద్దీ పరుచుకుని, దుబ్బుల మధ్య నీడతో, మట్టితో, పురుగులతో నిండి ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత మన పంట బోదెల్లో మిగిలిన గుంటల్లో కొర్రమీను తలదాచుకోవడం మనమందరం చూసిందే. మళ్లీ నీరు వదిలేదాకా అది ఆ గుంటలో ఓర్చుకుంటుంది. బౌలులో ఉన్న చేపకు ఆ నీరు వదిలే రోజు రాదు.

ఫిబ్రవరి మొదట్లో వేరే చోట 20 లీటర్ల పొడవాటి గాజు తొట్టి, మూత, స్పాంజి ఫిల్టరు, చిన్న గాలి మోటారు కొన్నాను. అన్నీ కలిపి 1,400 రూపాయలు అయింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బెట్టా రెక్కలు పొడవు కాబట్టి నీటి ప్రవాహం జోరుగా ఉంటే ఈదలేక అలసిపోతుంది, అందువల్ల గాలి గొట్టానికి చిన్న వాల్వు పెట్టి బుడగలు నెమ్మదిగా వచ్చేలా తగ్గించుకోవాలి. సూక్ష్మజీవులు పెరిగేదాకా రోజు విడిచి రోజు పావు వంతు నీరు మార్చాను, ఇప్పుడు వారానికి పావు వంతు చాలుతోంది.

ఆ నీరు ఎక్కడిదన్నది మన ప్రాంతంలో చిన్న విషయం కాదు. భీమవరం చుట్టుపక్కల బోరు నీరు చాలా చోట్ల ఉప్పగా ఉంటుంది, ఇదేమో మంచినీటి చేప. మనం తాగే ఇరవై లీటర్ల టిన్ను నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి అది ఒక్కటే పోయడం కూడా తగదు. కుళాయి నీటిని బకెట్టులో పట్టి, క్లోరిన్ విరిచే చుక్కలు వేసి, తొట్టిలోని వేడికి సమానమయ్యాక పోయడం నాకు సరిపడింది. రాలిపడిన ఎండు బాదం ఆకును కడిగి ఒకటి వేస్తే నీరు పలచటి టీ రంగుకు వస్తుంది. బెట్టాలు పెంచేవారు ఎన్నాళ్లుగానో చేసే పని ఇది. దుకాణంలో వాటిని పొట్లాలు కట్టి అమ్ముతారు కాని, ఒకప్పుడు మన అమ్మమ్మలు విస్తర్లు కుట్టిన ఆకు అదే, మా వీధిలోనే రెండు చెట్లున్నాయి.

కొత్త తొట్టిలో రెండు వారాలకు రెక్కలు విచ్చుకున్నాయి, నెల దాటాక తోక చీలికలు పూడాయి. ఇప్పుడు అది ఈ చివర నుంచి ఆ చివరికి ఈదుతుంది, నేను మేత డబ్బా మూత తీసిన చప్పుడుకు ముందుకు వస్తుంది. నీటిపైన నురుగు గూడు కూడా కడుతోంది, అయితే నురుగు కట్టింది కాబట్టి చేప సుఖంగా ఉందని ఎవరూ అనుకోవద్దు. బౌలులో రెక్కలు ముడుచుకున్న వారంలో కూడా మా చేప ఒకసారి ఆ గూడు కట్టింది.

ఆ దుకాణం గురించి న్యాయంగా చెప్పాలంటే, చేపలను అక్కడ బాగానే చూస్తారు. మగవాటిని విడివిడిగా పెట్టి, ఒకదానికొకటి కనిపించకుండా మధ్యలో అట్టలు నిలబెడతారు, నీరు రోజూ మారుస్తారు. నాకు ఇచ్చిన చేప కొన్ననాడు ఆరోగ్యంగానే ఉంది, మేత కూడా మంచిదే, ఇప్పటికీ అదే వాడుతున్నాను. నేను మార్చిలో వెళ్లి జరిగిందంతా చెబితే, అదే బౌలులోకి ఇంకో చేపను తక్కువ ధరకు ఇస్తామన్నారు కాని, నేను చెప్పింది రాసుకోలేదు. చేప కోసం అక్కడికి వెళ్లవచ్చు. బౌలు సెట్టు మాత్రం కొనవద్దని నా గట్టి సలహా. అడిగితే చేపను విడిగా 250 రూపాయలకు ఇస్తారు, ముందు తొట్టి సిద్ధం చేసుకుని తరువాత వెళ్లండి. ఇప్పటికే బౌలులో పెట్టుకున్నవారు తొట్టి కొనేదాకా రోజూ మూడో వంతు నీరు మార్చండి, రోజుకు రెండు మూడు గుళికలకు మించి వేయకండి, కిటికీ ఎండ నుంచి పక్కకు జరపండి, ప్లాస్టిక్ మొక్కను ఈరోజే తీసేయండి.