ఒకే ప్రేమకథ, రెండు పాత హోటళ్లు

రిచర్డ్ మాథెసన్ నవల ‘బిడ్ టైమ్ రిటర్న్’ (1975) నడిచేది కాలిఫోర్నియాలోని హోటల్ డెల్ కొరొనాడోలో. 1980లో అది ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’గా తెరకెక్కినప్పుడు కథని మిషిగన్‌లోని మాకినా దీవికి, గ్రాండ్ హోటల్‌కి మార్చేశారు.

డెల్ 1888లో తెరిచిన చెక్క భవనం. ఎర్రటి కప్పులు, ఎదురుగా పసిఫిక్. నవల్లో హీరోకి మెదడులో కణితి. ఆ స్థితిలో 1896 నాటి నటిని వెతుక్కుంటూ కాలంలో వెనక్కి వెళ్తాడు. నిజంగానే వెళ్లాడా, కణితి చూపించిన కలా? నాకు నవల్లో నచ్చింది ఆ అనుమానమే. సినిమా ఆ జబ్బునే ఎత్తేసింది, అదొక్కటీ నాకు మింగుడుపడలేదు.

చోటు మాటకొస్తే మాత్రం నా ఓటు గ్రాండ్‌కే. 1887 నాటి హోటల్, 660 అడుగుల వరండా. దీవిలో 1898 నుంచి మోటారు బళ్లకి నిషేధం, ఇప్పటికీ గుర్రపు బగ్గీలు, సైకిళ్లే. సినిమాలో హీరో వెళ్లేది 1912కి; అక్కడ 1912 అంటే ఇట్టే నమ్మేస్తాం. అందుకే (సినిమా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి) హీరో కోటు జేబులోంచి 1979 నాటి పెన్నీ బయటపడి అతన్ని మళ్లీ తన కాలానికి లాగేయగానే, ఆ రాగి బిళ్లని విసిరి పారెయ్యాలనిపిస్తుంది.